ఫోన్ ఎత్తకపోతే కాల్ ఎటు పోవాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఆఫీసు ఫోన్లు, వాటి వాయిస్ మెయిల్ గురించే. అడిగినవారంతా ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్‌ను, అంటే పీబీఎక్స్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నారు కాబట్టి మెనూ పేర్లు, కోడ్‌లు అందులోవే ఇస్తున్నాం.

ప్ర: మాది విత్తనాల డీలర్‌షిప్, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు (లోపలి నంబర్లు) ఉన్నాయి. షాపు కట్టేశాక 201కి వచ్చే కాల్స్‌ను *72తో నా సెల్‌కు మళ్లిస్తాను. నేను ఎత్తకపోతే షాపు వాయిస్ మెయిల్‌లో పడాలి కదా? ఒక్కటీ పడడం లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: ముందు 201 ఎక్స్‌టెన్షన్ పేజీలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి కాల్ ఫార్వర్డ్ రింగ్ టైమ్ చూడండి. అక్కడ ‘ఆల్వేస్’ అని ఉంటే కాల్ సెల్‌కు వెళ్లడమే తప్ప వెనక్కి రాదు. 20 సెకన్లు పెట్టండి. అంతకంటే బాగా పెంచి లాభం లేదు. ఎత్తని కాల్ సెల్‌లో 30 సెకన్లే మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది, పైగా సెల్‌ను చేరేసరికే కొన్ని సెకన్లు పోతాయి.

అది సరిగ్గానే ఉంటే, మీకంటే ముందు సెల్‌లోనే ఏదో కాల్ ఎత్తుతోందన్నమాట. కాల్ అసిస్టెంట్ యాప్ కావచ్చు, సెల్ కంపెనీ వాయిస్ మెయిల్ కావచ్చు. ఎత్తింది మనిషా మెషీనా అన్నది పీబీఎక్స్‌కు తెలియదు. లైను కలిసిందా, తన పని అయిపోయినట్టే.

దీనికి మందు *72 కాదు, ఫాలో మీ: జాబితాలో రాసిన నంబర్లను మోగించే సదుపాయం. 201 నుంచి *73 కొట్టి పాత మళ్లింపు తీసేయండి. ఫాలో మీ జాబితాలో ఒక వరుసలో 201, కింది వరుసలో మీ సెల్ నంబరు రాయండి. సెల్ నంబరు చివర # తప్పనిసరి, అది లేకపోతే బయటి నంబరని సిస్టమ్ గుర్తించదు. రింగ్ స్ట్రాటజీ రింగ్‌ఆల్ (అన్నీ ఒకేసారి మోగడం), రింగ్ టైమ్ 20, కన్‌ఫర్మ్ కాల్స్ ‘ఎస్’. ఇక సెల్ ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కాల్ కలుస్తుంది. యాప్ 1 నొక్కదు కాబట్టి గడువు తీరగానే కాల్ 201 వాయిస్ మెయిల్‌కు చేరుతుంది. అసలు 201కి వాయిస్ మెయిల్ ఆన్ చేసి ఉందో లేదో కూడా చూసుకోండి. నవ్వకండి, సగం ఫిర్యాదులు అక్కడే తేలతాయి.

ఇంకో చిక్కు బల్ల మీది ఫోన్‌లో ఉంటుంది. ఐపీ ఫోన్ల సొంత మెనూలోనూ ఫార్వర్డ్ ఉంటుంది. అక్కడ ఎవరైనా పెట్టి వదిలేస్తే పీబీఎక్స్ తెర మీద ఏ ఆనవాలూ కనబడదు. పగలు వాడుకోవడానికి *52 మంచిది: బల్ల మీద మోగి, ఎవరూ ఎత్తకపోతేనే మళ్లుతుంది. రద్దుకు *53. లైను బిజీగా ఉన్నప్పుడు మాత్రమే మళ్లాలంటే *90, రద్దుకు *91.

మళ్లిన ప్రతి కాల్‌కూ రెండు చానెళ్లు ఖర్చవుతాయి, రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి. మీ సిప్ ట్రంక్‌కు (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైనుకు) రెండే చానెళ్లుంటే, మీరు సెల్‌లో మాట్లాడుతున్నంతసేపూ మరో రైతుకు బిజీ టోనే.

ప్ర: రాత్రి రెండు గంటలకు మా ఆఫీసు లైన్ నుంచి విదేశాలకు కాల్స్ వెళ్లాయి. అప్పుడు లోపల ఎవరూ లేరు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జ: ఎవరో మీ ఎక్స్‌టెన్షన్‌కు విదేశీ నంబరుకు మళ్లింపు తగిలించి ఉండవచ్చు. ఆస్టరిస్క్ (ఫ్రీపీబీఎక్స్ లోపల కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్) కన్సోల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, ‘డేటాబేస్ షో సీఎఫ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, *72తో పెట్టిన మళ్లింపులన్నీ బయటపడతాయి. సీఎఫ్‌యూ, సీఎఫ్‌బీ పేర్లతో మరో రెండుసార్లు కొడితే ఎత్తనప్పటివీ బిజీ అయినప్పటివీ తెలుస్తాయి.

తర్వాత వాయిస్ మెయిల్ పాస్‌వర్డ్‌లు. 201కి 201 అనో, 1234 అనో పెట్టి ఉంటే ఇవాళే మార్చండి, కనీసం ఆరంకెలు. *97 కొట్టి లోపలికి వెళ్లి 0, ఆ తర్వాత 5 నొక్కితే మారుతుంది. వాయిస్ మెయిల్ సెట్టింగుల్లో డయల్‌అవుట్, కాల్‌బ్యాక్ గడులు ఖాళీగా ఉంచండి. అవి నిండి ఉంటే మెసేజ్ వినడానికి వచ్చినవాళ్లు అక్కణ్నుంచే బయటికి కాల్ చేయగలరు. విదేశాలతో పని లేకపోతే అవుట్‌బౌండ్ రూట్‌లో (బయటికి వెళ్లే కాల్స్ సెట్టింగులో) 00తో మొదలయ్యే ప్యాటర్న్ తీసేయండి. అప్పుడప్పుడూ పని పడితే ఆ రూట్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టండి.

సెల్‌ఫోన్ల మీదా ఇదే దొంగాట నడిచింది. టెలికాం ఉద్యోగులమంటూ ఫోన్ చేసి, *401# కొట్టించి, ఓటీపీ కాల్స్‌ను తమవైపు తిప్పుకునేవారు. యూఎస్ఎస్‌డీ (సెల్‌లో ఇలా *, # కోడ్‌లు కొట్టే పద్ధతి) ద్వారా కాల్ ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది అందుకే.

ప్ర: మెయిల్‌బాక్స్ నిండిందని కస్టమర్లకు వినబడుతోంది. ఈమెయిల్‌కూ ఏమీ రావడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: మామూలుగా ఒక ఫోల్డర్‌లో 100 మెసేజ్‌లే పడతాయి. *97లో పాతవి విని 7 నొక్కి చెరిపేయండి. ‘డిలీట్ వాయిస్ మెయిల్’ ఆన్ చేస్తే ఈమెయిల్ పంపగానే అదే చెరుపుతుంది కానీ, ఈమెయిల్ అటాచ్‌మెంట్ ‘ఎస్’ అని లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఆడియో ఎక్కడా మిగలదు.

ఈమెయిల్ రాకపోవడానికి సాధారణంగా కారణం, ఆఫీసు సర్వర్ నేరుగా పంపే ఉత్తరాన్ని జీమెయిల్ లాంటివి తిప్పికొట్టడం. ఒక మెయిల్ ఖాతా ద్వారా 587 పోర్టు నుంచి పంపేలా రిలే పెట్టండి. జీమెయిల్ ఖాతా అయితే రోజూ వాడే పాస్‌వర్డ్ పనికిరాదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో ఉంటే నిమిషానికి సుమారు 1 ఎంబీ. వేవ్49కి మారిస్తే 100 కేబీ దాకా సరిపోతుంది, గొంతు కాస్త రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.