అమెరికాలోని అలబామా తీరంలో సొంతంగా చేపల రీఫ్ వేయాలంటే పాత సామాన్లలో ఏవి పనికొస్తాయి?

మీరు అడిగింది: మొబైల్ నగరం దగ్గర ఉంటున్నారు, 24 అడుగుల పడవ ఉంది. పాత టైర్లు, రోడ్డు పనుల్లో పెకిలించిన కాంక్రీటు తూము పైపులు, పాడైన ఫైబర్ పడవ, రెండు వాషింగ్ మెషీన్లు ఊరికే వస్తున్నాయి. వీటిని చేపలు చేరే గూడుగా (రీఫ్ అంటే అదే) సముద్రంలో 15 బారల లోతులో, అంటే 90 అడుగుల దగ్గర దింపితే రెడ్ స్నాపర్ చేప చేరుతుందా అని.

పైపులు ఉంచుకోండి. మిగతావన్నీ వదిలేయండి. ఈ పని చేస్తున్నవాడిగా కారణాలు చెబుతాను.

చేపను రప్పించడం అలబామాలో కష్టం కాదు. అక్కడ సముద్రపు అడుగు చాలావరకు చదునైన ఇసుక. రాయీ రప్పా లేని ఆ మైదానంలో ఏది పడినా చుట్టూ చేప మూగుతుంది. 1953లో ఆరెంజ్ బీచ్ బోటు కెప్టెన్లు అడిగి మరీ 250 కారు బాడీలు దింపించింది అందుకే. ఇప్పుడు రీఫ్‌ల కోసం కేటాయించిన జోన్లు వెయ్యి చదరపు మైళ్లకు పైనే ఉన్నాయి. అసలు కష్టమంతా దింపినది అక్కడే, అదే ఆకారంలో ఉండటం. హరికేన్ వస్తే 90 అడుగుల కింద కూడా నీరు ముందుకీ వెనక్కీ గట్టిగా ఊగుతుంది.

నేల మీద బరువును నమ్ముకోకండి, నీళ్లలో ఎంత మిగులుతుందో చూడండి. ఉప్పునీటిలో కాంక్రీటు బరువు సుమారు 57 శాతం మిగులుతుంది, ఇనుముది 87 శాతం. పది కిలోల టైరు మాత్రం నీళ్లలో కిలో, కిలోన్నర తూగుతుంది, అంతే. సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలే నీరు చదరపు మీటరు అడ్డానికి దాదాపు 50 కిలోల తోపు ఇస్తుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, అంటే 200 కిలోలు. ఆ లెక్కన నిలబడి ఉన్న టైరు మీద మామూలు ఒరవడికే పది కిలోల పైచిలుకు తోపు పడుతుంది. కిలోన్నర వస్తువు ఎలా ఆగుతుంది? కట్టేస్తే ఆగుతుంది కదా అంటారా, ఫ్లోరిడాలో కట్టే వేశారు. 1972లో ఫోర్ట్ లాడర్‌డేల్ ఎదురుగా ఆస్‌బోర్న్ రీఫ్ పేరుతో సుమారు 20 లక్షల టైర్లను నైలాన్ పట్టీలతో, స్టీలు క్లిప్పులతో కట్టలు కట్టి దింపారు. క్లిప్పులు తుప్పు పట్టి ఊడిపోయాయి. టైర్లు దొర్లుకుంటూ వెళ్లి పక్కనున్న అసలు పగడపు దిబ్బలను ఒరుసుకుని దెబ్బతీశాయి. తర్వాత వాటిని తీయడానికి మిలిటరీ డైవర్లు దిగాల్సి వచ్చింది.

వాషింగ్ మెషీన్ రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. సముద్రంలో ఇనుమును తుప్పు ఒక్కో వైపు నుంచి ఏడాదికి ఇంచుమించు 0.1 మిల్లీమీటరు తినేస్తుందనుకుంటే, నాలుగైదేళ్లలో అది జల్లెడ. లోపలి ప్లాస్టిక్ మాత్రం మిగిలి ఎటో కొట్టుకుపోతుంది. కారు బాడీలను ఆపేయడానికి ఒక కారణం ఇదే, రెండోది వాటితో పాటు దిగే ఆయిలు. స్టెయిన్‌లెస్ అయితే బతుకుతుందన్న నమ్మకం కూడా వద్దు. న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) నుంచి వచ్చిన పాత కార్బన్ స్టీలు రైలు పెట్టెలు డెలావేర్ దగ్గర బాగానే నిలిచాయి కానీ, 2008లో న్యూజెర్సీ ఎదురుగా దింపిన స్టెయిన్‌లెస్ పెట్టెలు నెలల్లోనే చదునైపోయాయి. ఇనుము వాడితే ఆరు మిల్లీమీటర్ల మందానికి తగ్గకూడదు. ఫైబర్ పడవ సంగతి చెప్పేదేముంది: లోపలి ఫోము తేలుతుంది, పెంకు పగిలి ముక్కలవుతుంది, పైగా అనుమతీ రాదు.

ఇక పైపులు. లోపలి వ్యాసం 60 సెంటీమీటర్లు, గోడ మందం 7.5, పొడవు 1.2 మీటర్లు ఉన్న పైపు నేల మీద 450 కిలోలకు కాస్త పైన, నీళ్లలో 260 తూగుతుంది. బరువు చాలినట్టే కనిపిస్తుంది గానీ గుండ్రంగా ఉంది కాబట్టి దొర్లుతుంది. ఒంటరి పైపును అందుకే దింపకూడదు. మూడింటిని కలపాలి, కింద రెండు, పైన ఒకటి.

తాడు, కేబుల్, గొలుసు దేనితోనూ కట్టకండి, అవన్నీ రాపిడికో తుప్పుకో పోయేవే. కాంక్రీటుతో అతికించండి. 1.6 మీటర్లకు 1.2 మీటర్ల చట్రం వేసి, 12 మిల్లీమీటర్ల చువ్వలు జాలీగా అల్లి, 15 సెంటీమీటర్ల పలక పోయండి. అది పచ్చిగా ఉండగానే రెండు పైపులు కూర్చోబెట్టి, మూడోది పైన పెట్టి, సందుల్లో కూడా మాలు కూరండి. హోమ్ డిపోలో దొరికే 80 పౌండ్ల మిక్స్ బస్తాలు ఇరవై పడతాయి. తడి గోనెలు కప్పి వారం తడపండి, నెల ఆగి ఎత్తండి. పచ్చి పలకను తొందరపడి ఎత్తితే మొదటి కుదుపుకే పైపు మెడ దగ్గర పగులు వస్తుంది, అది నీళ్లలోకి వెళ్లాక గానీ కనబడదు. మొత్తం రెండు టన్నులు దాటుతుంది, నీళ్లలో సుమారు 1,200 కిలోలు. సెకనుకు రెండు మీటర్ల ఒరవడి దాని మీద వేసే తోపు 350 కిలోల దగ్గర ఉంటుంది, ఇసుక మీద రాపిడి దాన్ని ఆపగలదు.

పైపుల్లోంచి పొడుచుకొచ్చిన చువ్వలను గ్రైండర్‌తో మొదలంటా కోయండి. లేకపోతే మీ గాలాలన్నీ దానికే. తారు అంటిన ముక్కలు తీసెయ్యండి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, కాబట్టి లోపలికి దూరి తిరిగి రాలేని పెట్టె ఆకారాలు వద్దు. రెండు వైపులా తెరిచి ఉన్న 60 సెంటీమీటర్ల పైపుకు ఆ సమస్య లేదు. కింది పైపుల్లో ఒకదానిలో మాత్రం బోలు సిమెంటు ఇటుకలు నాలుగైదు మాలుతో అతికించండి. పెద్ద కన్నం ఒక్కటే ఉంటే పెద్ద చేప వచ్చి పిల్ల చేపలను మింగుతుంది. అరచేతి సైజు స్నాపర్ దాక్కోవడానికి దాని ఒంటికి సరిపోయే కన్నం కావాలి.

మీ పడవలో ఇది ఎక్కదు. ఒక్క పైపును అంచు మీదికి దొర్లించినా పడవ ఒరిగిపోతుంది. నలుగురు కలిసి ఆరెంజ్ బీచ్ వైపు రీఫ్‌లు దింపే బార్జిని (బరువులు మోసే చదునైన పెద్ద పడవను) మాట్లాడుకోండి. అంతకన్నా ముందు రాష్ట్ర మెరైన్ రిసోర్సెస్ విభాగం సామాను తనిఖీ చేసి అనుమతి ఇవ్వాలి. అనుమతించిన జోన్ బయట దింపితే అది చెత్త పారబోయడం కింద లెక్క.

చోటు ఎంచుకునేటప్పుడు సోనార్ (శబ్దంతో అడుగును చూపే పరికరం) ఒక్కదాన్నే నమ్మకండి. సీసపు గుండు అడుగున గుంటలో గ్రీజు నింపి దించండి. ఇసుక రేణువులు అంటుకొస్తే మంచిదే, నల్లటి మెత్తని బురద వస్తే పక్కకు జరగండి. మిసిసిపీ వైపు పోయేకొద్దీ బురద పెరుగుతుంది, అందులో పలక మెల్లగా కూరుకుపోతుంది. ఇసుకలోనూ అంచుల చుట్టూ గుంట తవ్వుకుంటుంది, దానికి భయపడక్కర్లేదు, చేప ఆ గుంటలో కూడా ఉంటుంది.

వదిలాక అది పది పన్నెండు సెకన్లలో అడుగు చేరుతుంది. ఒక నాట్ ప్రవాహంలో ఆరేడు మీటర్లకు మించి జరగదు. తప్పంతా బార్జి కొట్టుకుపోవడంలోనే వస్తుంది. అందుకే వదిలిన క్షణంలో జీపీఎస్‌లో నొక్కిన పాయింటును ఖాయం చేసుకోకండి, తర్వాత సోనార్‌తో రెండు దిక్కుల నుంచి దాటి, కనిపించిన చోట గుర్తు పెట్టండి. రాసుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త: ప్లాటర్‌లో (పడవలోని జీపీఎస్ మ్యాపు తెరలో) 30 డిగ్రీల 05.250 నిమిషాలు అని ఉన్నదాన్ని ఫోన్‌లో 30.05250 అని కొడితే దాదాపు నాలుగు కిలోమీటర్లు పక్కకు వెళ్తారు. నెలల తరబడి చేసిన పని దొరకకుండా పోయేది ఎక్కువగా ఈ పొరపాటుతోనే.

రెండోది వేస్తే మొదటిదాని పక్కన కుప్పగా వేయకండి, కనీసం పావు మైలు ఎడం ఉంచండి. స్నాపర్ చుట్టుపక్కల ఇసుకలో మేస్తుంది, దగ్గర దగ్గరగా వేస్తే మేత చాలదు. వారాల్లో గుల్లలు పట్టి చిన్న చేప చేరుతుంది, ఏడాది దాకా గాలం వేయకుండా ఉండగలిగితే మంచిది. రీఫ్ మీరు వేసినా హక్కు మాత్రం మీది కాదు, కనిపెట్టిన ఎవరైనా పట్టుకోవచ్చు. అందుకే ఇక్కడ పాయింట్లు ఎవరూ చెప్పుకోరు.

చివర్లో ఊళ్లో మావాళ్లకు కూడా చెప్పమంటారా అని అడిగారు. ఆంధ్రలో ఇది సొంతంగా చేసే పని కాదు. కేంద్రం మత్స్య సంపద యోజన కింద సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) సాంకేతిక సాయంతో ప్రభుత్వమే రీఫ్‌లు వేయిస్తుంది. కృష్ణా, గోదావరి ముఖాల దగ్గర అడుగంతా ఒండ్రు, ఇక్కడి కొలతలు అక్కడ పనికిరావు. పైగా ఒకసారి వేశాక ఆ చోట అడుగున ఈడ్చే ట్రాల్ వల లాగడం కుదరదు, లాగితే చిరుగుతుంది. గాలాల వాళ్లకు అదే లాభం, ట్రాల్ బోట్ల వాళ్లకు అదే నష్టం. చోటు ఖాయం చేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడమనండి.