విక్రాంత్ ఎంతవరకు మనది?

ప్రశ్న: ఇంజిన్లు, యుద్ధవిమానాలు విదేశాలవే అయినప్పుడు ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ను స్వదేశీ నౌక అనడం సబబేనా?
– ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ముమ్మాటికీ సబబేనండీ. ఇంజిన్లుగా వాడిన గ్యాస్ టర్బైన్లు అమెరికా నమూనావి, మిగ్-29కె విమానాలు రష్యావి అన్నది నిజమే. అయినా 76 శాతం స్వదేశీయమని ప్రభుత్వం ప్రకటించిన ఈ 262 మీటర్ల విమానవాహక నౌకలో అసలు విజయం ఉక్కుది. యుద్ధనౌకలకు కావలసిన ప్రత్యేక ఉక్కు రష్యా నుంచి అందకపోవడంతో, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌తో కలిసి డీఎంఆర్-249 రకాన్ని ఇక్కడే రూపొందించింది. నౌక ఒంటికి ‘ఎ’ రకం వాడారు. విమానాలు వేగంగా వచ్చి దిగి, తోక కొక్కెంతో ఉక్కు తాడును అందుకొని ఆగే డెక్‌కు మరింత దృఢమైన ‘బి’ రకం పరిచారు. 2009లో కొచ్చిన్ షిప్‌యార్డులో కీల్ (నౌక అడుగున ఉండే వెన్నెముక) వేసిన నౌక 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరడం, నా దృష్టిలో, బాగా ఆలస్యమే. కానీ ఆ ఉక్కుతోనే ఇప్పుడు మన ఇతర యుద్ధనౌకలనూ కడుతున్నారు.