రొమ్ము క్యాన్సర్‌కు కణాలతో చేసే టీకా ఉందా?

రొమ్ము క్యాన్సర్‌ను రాకుండా ఆపే, లేదా వచ్చాక తగ్గించే కణాల టీకా ఏదీ ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు, పరీక్షల దశలోనే ఉన్నాయి. క్యాన్సర్ కణం బయటి క్రిమి కాదు, దారి తప్పిన మన ఒంటి కణమే. అందుకే రోగనిరోధక వ్యవస్థ దాన్ని సరిగా పసిగట్టలేదు. ఆ గుర్తుపట్టడం నేర్పడానికే ఈ టీకా: రోగి రక్తంలోంచి తెల్లకణాలు తీసి, ల్యాబ్‌లో డెండ్రిటిక్ కణాలుగా (దేనిపై దాడి చేయాలో రోగనిరోధక వ్యవస్థకు చూపించే కణాలు) మార్చి, హెర్2 లాంటి కణితి ప్రొటీన్‌ను వాటికి చూపించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఎవరిది వాళ్లకే తయారు చేయాలి, కాబట్టి ఖర్చూ ఎక్కువే. దాదాపు ఇదే పద్ధతిలో చేసే సిప్యూల్యూసెల్-టి అనే టీకాకు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది ప్రోస్టేట్ క్యాన్సర్‌కు.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా వేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ కూడా రాదని చాలామంది అనుకుంటారు. అది ముఖ్యంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ కోసం. అది వేయించుకున్నా సరే, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.