మా అమ్మాయి వ్యాసాలకు పనికొచ్చే అంశాలు చెప్పండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎనభై పైనే మార్కులు వస్తాయి గానీ ధ్యాసంతా వ్యాసాల మీదే. ఏ పోటీ పెట్టినా కొబ్బరికాయల దింపు కార్మికులనీ, రేవులో ఏరు దాటించే పంటు అనీ, లంకల్లో వరదలనీ ఊరి సంగతులే రాస్తుంది. పాత వ్యాసం ఒకటి జతచేశాను, చూడండి. ఈసారి నేనే ఫోనులో కృత్రిమ మేధ మీద వ్యాసం తయారుచేయించి కంఠతా పట్టించాను. రెండో బహుమతి వచ్చింది. ఆ ప్రశంసాపత్రాన్ని ఎవరికీ చూపించకుండా పుస్తకాల అడుగున పెట్టేసింది. ఇదేం తీరో అర్థం కావడం లేదు. పిల్లలు మామూలుగా ఎంచుకునే అంశాల్లో భవిష్యత్తుకు పనికొచ్చేవి ఏవో, పనికిరానివి ఏవో పోల్చి చెప్పండి. ఈ రాతల పిచ్చితో రేపు ఎంపీసీలో వెనకబడుతుందా? వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చమంటారా?

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు తణుకు నుంచి వస్తాయి, పాలకొల్లు నుంచి వస్తాయి, మండపేట నుంచీ వస్తాయి. మొదటి వాక్యంలో వ్యాసరచన పోటీ ఉంటుంది, చివరి వాక్యంలో ఎంపీసీ ఉంటుంది. అసలు బెంగ మధ్యలో ఎక్కడో దాక్కుని ఉంటుంది. మీ ఉత్తరంలో అది 'ఊరి సంగతులే రాస్తుంది' అన్నచోట ఉంది.

కొబ్బరి ధర పడిపోయిన ఏళ్లు మీరు చూశారు. 1996 నవంబరు తుపానుకు తోటలు నేలకొరిగిన కోనసీమ మీది. సాగు గిట్టుబాటు కాక 2011లో రైతులే పంట విరామం ప్రకటించిన సీమ మీది. ఈ కష్టం పిల్లకు వద్దు, చదువుకుని బయటపడితే చాలు అని మీరు అనుకుంటుంటే, ఆ పిల్ల కాగితం తీసినప్పుడల్లా మళ్లీ కొబ్బరి చెట్టు దగ్గరికే వస్తోంది. మనసు ఇక్కడే చిక్కుకుపోతుందేమోనని మీ భయం. న్యాయమైన భయమే. కానీ దానికీ వ్యాసం అంశానికీ సంబంధం లేదు. తొమ్మిదో తరగతిలో దేని గురించి రాసిందో దాన్ని బట్టి ఏ పిల్లా ఊళ్లో ఆగిపోలేదు, ఏ పిల్లా అమెరికా వెళ్లలేదు. వ్యాసాలు రాయడం వల్ల లెక్కలు మరిచిపోయిన విద్యార్థి కూడా నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు. కాబట్టి ముందు ఆ బరువు దించుకుని మిగతాది చదవండి.

పోల్చమన్నారు, పోలుస్తాను. పిల్లలు ఎంచుకునే అంశాలు అంటాం గానీ వాటిని ఎంచేది చాలావరకు క్యాలెండరు. ఆగస్టులో స్వాతంత్ర్యం, అక్టోబరు 2న గాంధీజీ, 15న కలాం జయంతి, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, 26న రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరులో విద్యుత్తు పొదుపు, జనవరి 25న ఓటర్ల దినోత్సవం, ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం. ఒక్కో శాఖ ఒక్కో అంశం పంపుతుంది, మాస్టారు బోర్డు మీద రాస్తారు, పిల్లలు గైడు తెరుస్తారు. 'మీకు నచ్చింది రాయండి' అని వదిలేసిన రోజున కూడా అలవాటు కొద్దీ అందులోంచే తీసుకుంటారు: పర్యావరణం, ప్లాస్టిక్ నిషేధం, సెల్‌ఫోన్ లాభనష్టాలు, అభిమాన నాయకుడు, నేనే ప్రధానినైతే.

ఈ అంశాల్లో చెడ్డది ఏదీ లేదు. రాసే తీరులోనే ఉంది చిక్కు. పోటీలకు న్యాయనిర్ణేతగా నన్ను పిలుస్తుంటారు. వరదలు అన్న అంశం ఇస్తే ఏటిగట్టు పక్క బడిలో చదివే పిల్లాడు సైతం 'ప్రకృతి వైపరీత్యములు రెండు రకములు' అని మొదలుపెడతాడు. 2022 జులైలో వాళ్ల వీధిలో పడవ తిరిగింది. సామాను అటక మీదికి ఎవరు ఎక్కించారో, పశువులను ఎక్కడికి తోలారో, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఊళ్లో ఎవరు ముందుగా మూట కడతారో వాడికి తెలుసు. ఒక్క ముక్క కాగితం మీదికి రాదు. కాటన్ దొర మీద రాయమంటే 'అపర భగీరథుడు' అని ఎత్తుకుని, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట దగ్గర దించేస్తారు. ఆ నీళ్లు ఈ ఏడు దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, తమ ఊరి శివారు చేనుదాకా వచ్చాయా అన్న ప్రశ్న ఏ వ్యాసంలోనూ కనబడదు. పర్యావరణం అంటే ఢిల్లీ పొగ గురించి రాస్తారు. రొయ్యల చెరువుల నీళ్లు మురుగు కాలువలోకి వదిలితే పక్క చేలు చౌడుబారడం రోజూ చూసే పిల్లలే అలా రాస్తారు.

బహుమతుల మాటకొస్తే మీకు అబద్ధం చెప్పను. చేతిరాత గుండ్రంగా ఉండి, నాలుగు సూక్తులు పడి, చివర 'మనమందరం ప్రతిజ్ఞ చేద్దాం' అని ఉంటే మండల స్థాయిలో బహుమతి దక్కే అవకాశం ఇప్పటికీ ఎక్కువే. దింపు కార్మికుడి వ్యాసానికి దక్కకపోవచ్చు. దక్కకపోతే పోనివ్వండి.

ఇక మీరు చేసిన పని. నొచ్చుకున్నా సరే చెబుతాను. పద్నాలుగేళ్ల పిల్ల సొంతంగా చూసి, అడిగి, రాసుకుంటుంటే, నీ మాట కన్నా ఫోను మాట మేలని కన్నతండ్రే చెప్పాడు. చాలదన్నట్టు బడి వాళ్లు బహుమతి ఇచ్చి అది నిజమేనని రుజువు చేశారు. ప్రశంసాపత్రం పుస్తకాల అడుగుకు ఎందుకు వెళ్లిందని మీరు నన్ను అడుగుతున్నారు! తనది కాని దానికి చప్పట్లు అందుకోవడం ఆ పిల్లకు ఇష్టం లేదు. ఇంకొకరైతే ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించేవారు. మీ అమ్మాయి ఆ పని చేయనందుకు మీరు సంతోషించాలి. మీరేమో ఫిర్యాదు రాశారు. వీలైతే ఈ వారంలో ఒకసారి, ఎవరూ లేనప్పుడు, 'అది నేను చేయకుండా ఉండాల్సిందమ్మా' అనండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

కృత్రిమ మేధ మీద నాకు కక్ష లేదు. దాని గురించి తెలిసి రాసే పిల్లలు రాయవచ్చు. అయితే మీరు ఆ అంశాన్ని ఎంచింది వ్యాసం కోసం కాదు. ఆ పేరుతో నడుస్తున్న బీటెక్ బ్రాంచి మీ కళ్లలో ఉంది. దాని మీద నాకు చాలా సందేహాలున్నాయి. ఆ బ్రాంచి కావాలని వచ్చేవాళ్లందరికీ చెబుతున్నవే మీకూ చెబుతాను. చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది 2022 నవంబరులో. అప్పటినుంచి ఇప్పటిదాకా గడిచిన ఈ కొద్ది కాలంలోనే, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు అప్పగించే చిన్నచిన్న కోడింగ్ పనులు కొన్ని ఆ పరికరాల పాలయ్యాయి. మీ అమ్మాయి బీటెక్ పట్టా పుచ్చుకోవడానికి ఇంకా ఏడేళ్లు పైనే పడుతుంది. ఏడేళ్ల తరువాత ఆ బ్రాంచి పేరు మీద ఎలాంటి ఉద్యోగం దొరుకుతుందో పూచీ పడగల మనిషి నాకు కనబడలేదు. పూచీ పడుతున్నవి కళాశాలల కరపత్రాలు మాత్రమే.

ఇంకొక సంగతి. బాగా నడుస్తున్న కళాశాలలకు ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ 2024–25 నుంచి ఎత్తేసింది. ఆ తరువాత సీట్లు ఎటు పెరిగాయో తెలియాలంటే కాకినాడ నుంచి భీమవరం దాకా బస్సు కిటికీ పక్కన కూర్చుని హోర్డింగులు చదివితే చాలు. సీట్లు ఒక్క ఉత్తర్వుతో పెరుగుతాయి, పాఠం చెప్పగలవాళ్లు అలా పెరగరు. కాలువలు, లాకులు, బ్యారేజీ, ఏటిగట్లు, రేవులు ఉన్న ఈ సీమలో సివిల్ ఇంజనీరింగ్ అంటే పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. సరే, అది వేరే కథ.

పేరులో ఏఐ ఉన్నా లేకపోయినా మొదటి రెండేళ్లు చదివేది గణితం, ప్రోగ్రామింగ్, గణాంకాలే. లెక్కల్లో ఎనభై తెచ్చుకునే పిల్లకు ఆ తలుపు మూసుకుపోలేదు. పైగా మీరు జతచేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. దింపు కార్మికుడు రోజుకు ఎన్ని చెట్లు ఎక్కుతాడు, చెట్టుకు ఎంత ఇస్తారు, వానాకాలంలో మాను నాచుపట్టి జారేటప్పుడు ఎన్ని రోజులు పని పోతుంది, ఆ రోజుల్లో ఇల్లెలా గడుస్తుంది, కొడుకును ఆ పనిలోకి ఎందుకు దించలేదు అని ముగ్గురిని అడిగి, ముగ్గురి జవాబులూ తేడాలతో సహా రాసింది. లక్షలు పోసి డేటా సైన్సు చదివే చోట కూడా మొదట నేర్పేది ఇదే: ఏది అడగాలి, ఎవరిని అడగాలి, జవాబులు కలవకపోతే ఏం చేయాలి. మీరు పిచ్చి అంటున్నది దీన్నే.

ఆ వ్యాసంలో నాకు ఒక్క లోటు కనబడింది. చెట్టు మీద నుంచి పడితే ఏమిటి గతి అని ప్రశ్న వేసి వదిలేసింది. కొబ్బరి అభివృద్ధి మండలి వారి 'కేర సురక్ష' అనే ప్రమాద బీమా ఉంది, కొబ్బరి చెట్లు ఎక్కేవాళ్ల కోసం పెట్టినదే. మీ దగ్గర దింపు చేసేవాళ్లలో ఎంతమందికి అది ఉందో కనుక్కోమని అమ్మాయికి చెప్పండి. జవాబు మీకు ఇబ్బంది కలిగించవచ్చు. వ్యాసం మాత్రం బాగా వస్తుంది.

ఫౌండేషన్ విషయం సూటిగా చెబుతాను: వద్దు. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మనవాళ్లు దానికి సులువైన ఉపాయం కనిపెట్టారు, కోచింగుకే బడి అని పేరు పెట్టేశారు. పదో తరగతి లెక్కలు, సైన్సు అర్థం చేసుకుంటూ చదివితే ఇంటర్‌లో జేఈఈకి కూర్చోవడానికి ఆలస్యమేమీ కాదు. పై తరగతి సూత్రాలు రెండేళ్లు ముందుగా బట్టీపట్టి, తీరా ఇంటర్‌కు వచ్చేసరికి పుస్తకం చూస్తేనే వెగటు పుట్టిన పిల్లలను తల్లిదండ్రులు నా దగ్గరికి తీసుకొస్తుంటారు. ఒకవేళ అమ్మాయే తనంతట తాను అడిగితే అప్పుడు మళ్లీ రాయండి, ఆలోచిద్దాం.

ఈ రాత ఎక్కడైనా అన్నం పెడుతుందా అని మీరు అడగలేదు, అడగాలనుకున్నారని తెలుసు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసం ఒక్కదానికే 250 మార్కులు, తెలుగులోనూ రాయవచ్చు. 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాశారు. న్యాయవిద్యకు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. పొడవైన పేరాలు ఇచ్చి, చదివి ఆలోచించగలరా లేదా అని చూసే పరీక్ష అది. విశాఖ దగ్గర సబ్బవరంలో ఒక న్యాయ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో నల్సార్ అనే మరొకటి దాని ద్వారానే సీట్లిస్తాయి. ఎంపీసీ చదివినా ఇవన్నీ రాయవచ్చు. కనుక ఏ గ్రూపు అన్నది పదో తరగతి ఫలితాలు వచ్చాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకోండి, ఇప్పుడు తొందరేమీ లేదు. ఇదంతా మీ ధైర్యం కోసం చెప్పాను. రేపటినుంచి కొట్టుకు వచ్చినవాళ్లందరికీ 'మా పిల్ల కలెక్టరు' అని చెప్పడం మొదలుపెట్టకండి. ఆ బరువు ఐఐటీ బరువు కన్నా తక్కువేమీ కాదు.

చివరగా ఒక పని. తపాలా శాఖ 'ఢాయీ ఆఖర్' అని ఉత్తరాల పోటీ పెడుతుంటుంది. చేత్తోనే రాయాలి. తెలుగులో రాయవచ్చు. ఇన్‌లాండ్ లెటరైతే 500 పదాలు, కవరులో పెట్టేదైతే 1,000 పదాలు మించకూడదు. రాష్ట్ర స్థాయి మొదటి బహుమతి 25,000 రూపాయలు, జాతీయ స్థాయిలో 50,000. అంశం వాళ్లే ఇస్తారు, అది మళ్లీ క్యాలెండరు అంశంలాగే ఉంటుంది. అందులోకి పంటునూ లంకనూ ఎలా తీసుకురావాలో మీ అమ్మాయి చూసుకుంటుంది. ప్రకటన వచ్చిందేమో పోస్టాఫీసులో అడిగి, ఇన్‌లాండ్ లెటర్లు రెండు కొనిపెట్టండి, ఒకటి కొట్టివేతలకు. పద్దెనిమిదేళ్ల లోపు వయసని ఉత్తరంలోనే ధ్రువీకరించాలి. మీరు దగ్గరుండి చెప్పి రాయించవలసిన వాక్యం అదొక్కటే.