బరువు తగ్గాక చిక్కిపోయినట్టు అనిపిస్తోందా?

బ్రదర్, 12 కిలోలు తగ్గినా సంతోషం లేదని, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోందని, కండంతా పోయిందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ పడ్డాను ఇది, ఉక్కపోతలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకు తిరిగిన రోజులున్నాయి.

తిండి తగ్గించినప్పుడు కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర రూపం) తగ్గుతుంది, ఒక్కో గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్లూ పోతాయి, అందుకే కండ కరగకపోయినా గాలి తీసిన ట్యూబులా కనిపిస్తుంది. సరిపడా తినడం మొదలుపెడితే కొన్ని రోజుల్లోనే మళ్లీ నిండుతుంది. అద్దాన్ని కాస్త పక్కనపెట్టి మీ వర్కవుట్ డైరీ తీయండి. బెంచ్, స్క్వాట్‌లో పాత బరువులే లేపుతున్నారా? అయితే కండ పెద్దగా ఎక్కడికీ పోలేదు. ప్రోటీన్ కిలో శరీర బరువుకి 1.6 గ్రాముల దగ్గర ఉంచండి, వారానికి శరీర బరువులో ఒక శాతం కంటే వేగంగా తగ్గకండి.

కానీ రోజుకి పదిసార్లు చెయ్యి కొలుచుకోవడం, ఒళ్లు కనిపిస్తుందని ఫంక్షన్లు ఎగ్గొట్టడం దాకా వస్తే అది వేరే సంగతి. ఎంత కండ ఉన్నా చాలదనిపించే ఈ మానసిక సమస్యని మజిల్ డిస్మార్ఫియా అంటారు, చికిత్స ఉంది, సైకాలజిస్ట్‌ని కలవండి. ఆ టేపు మాత్రం ఇవాళే ఇంట్లో ఎవరికైనా ఇచ్చేయండి.