అప్పుల పాలవడం రక్తంలో ఉంటుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మావాడు బైపీసీ పాసయ్యాడు, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఎకనామిక్స్ చదువుతానంటాడు. మా వంశానికే డబ్బు తెలివి లేదు, ఉన్నదంతా బోర్లకే పోయింది. జన్యు పరీక్ష చేసి ఏ చదువు నప్పుతుందో చెబుతామని ఒకరు 12 వేలు అడుగుతున్నారు. చేయించమంటారా? జెనెటిక్స్, ఎకనామిక్స్‌లో ఏది మేలు?

జవాబు: పరీక్ష వద్దు. ఆ డబ్బు ఫీజుకు దాచండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అడిగేది కోర్సు గురించే, లోపలున్నది మాత్రం ‘వీడూ నాలాగే మునుగుతాడేమో’ అన్న భయం.

జన్యువులకూ డబ్బు నిర్ణయాలకూ సంబంధమే లేదని నేననను. స్వీడన్‌లో కవలలను పరిశీలించి, రిస్క్ తీసుకోవడంలో మనుషుల మధ్య తేడాల్లో సుమారు ఐదో వంతు వారసత్వానిదని లెక్కకట్టారు. సరే, ఆ జన్యువులేవి? 2019లో పది లక్షల మందికి పైగా డీఎన్ఏను జల్లెడ పడితే 99 చోట్లు తేలాయి. అన్నీ కలిపి స్కోరు వేసినా, ఆ తేడాల్లో 2 శాతం కూడా వివరించలేకపోయారు. పైగా ఆ డీఎన్ఏ ఇచ్చినవాళ్లంతా యూరప్ మూలాలున్నవాళ్లు, ఆ లెక్క మనకు అలాగే సరిపోతుందని చెప్పలేం. దాన్ని పట్టుకుని మీవాడికి చదువు చెబుతారట! చిలక జోస్యం నయం, పది రూపాయలతో పోతుంది.

ఇంకో మాట, కటువుగానే. మీ జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. వేరుశనగ ఎండిపోతుంటే అప్పుచేసి బోరు వేశారు, నీళ్లు పడలేదు, ఇంకోటి వేశారు. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు. దీన్ని వంశానికి అంటగట్టి పిల్లాడి ముందు ఎన్నిసార్లు అన్నారో గుర్తుచేసుకోండి. రోజూ వినేవాడు నమ్మేస్తాడు. దయచేసి ఆపండి.

జన్యువులనూ ఆర్థికశాస్త్రాన్నీ కలిపే జీనోఎకనామిక్స్ అంటే ఇప్పుడు మోజు. నాకైతే అనుమానమే. అది పరిశోధన స్థాయి పని, అందులో సగం స్టాటిస్టిక్సే. ఆ పేరు చూసి డిగ్రీ ఎంచుకోవద్దు.

జెనెటిక్స్ అయితే కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో విభాగముంది, కానీ పీజీ దాటి చదివే ఓపిక కావాలి. బీఏ ఎకనామిక్స్‌కు బైపీసీ అడ్డు కాదు. పైకి వెళ్లేకొద్దీ మాత్రం లెక్కలే. ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌కు గణితం ఉండితీరాలి. మీవాడి ఇబ్బంది అక్కడే, జన్యువుల్లో ఏమీ లేదు.

ఎకనామిక్సే ఎందుకన్నాడో మీ ఉత్తరంలో లేదు. అడిగారా? ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఎకనామిక్స్ పుస్తకాలు నెట్‌లో ఉచితం. స్టాటిస్టిక్స్ భాగం చేతికివ్వండి. విసుగు లేకుండా రెండు వారాలు కూర్చుంటే బీఏలో చేర్పించండి.