జపాన్ వెళ్ళే ముందు భోజనం సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు యోకొహామాలో ఉంటారు. మే నెలలో నేను, మావారు వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. మేము చేప, మాంసం, గుడ్డు ముట్టం. అక్కడి పద్ధతులు తెలియక పిల్లలకు తలవంపులు తెస్తామేమోనని భయంగా ఉంది. ఏమేం నేర్చుకోవాలి? మా తోట మామిడికాయలు తీసుకెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతిలో నా దగ్గర జపనీస్ నేర్చుకునే పిల్లలు ముందుగా పలకరింపులు అడుగుతారు. మీకు మాత్రం భోజనంతోనే మొదలుపెడతాను. వంగి నమస్కరించడంలో తేడా వస్తే జపాన్ వాళ్ళు ఏమీ అనుకోరు. తెలియక చేప రసం తాగితే మీరు చాలాకాలం బాధపడతారు.

అక్కడి వంటకు ప్రాణం దాషి. కత్సువో అనే చేపను పొగబెట్టి, ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టులా పల్చగా తురుముతారు. దాన్ని కొంబు అనే సముద్రపు నాచుతో కాచి వడకట్టిన నీరే దాషి. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులోనూ, నూడుల్స్ పులుసులోనూ, ఉడికించిన కూరగాయల్లోనూ అదే ఉంటుంది. కంటికి ముక్క కనబడదు కాబట్టి అది శాకాహారమే అనుకుని వడ్డించేవాళ్ళు ఉంటారు. అందుకే "సకనా మో, నికు మో, తమగో మో, దాషి మో తబెమసెన్" అని ఇప్పటి నుంచే రోజూ పైకి చెప్పుకోండి. చేప, మాంసం, గుడ్డు, దాషి ఏదీ తిననని అర్థం. అదే మాటను కోడలితో జపనీస్ లిపిలో రాయించి సంచిలో పెట్టుకోండి. బౌద్ధాలయాల షోజిన్ వంట వేరు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, దాషిని కొంబుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ కాస్తారు. జపాన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భోజనం అదే. ఒక పూటైనా తినండి.

మామిడికాయలు వద్దు. 2006లో జపాన్ మన మామిడిపై నిషేధం ఎత్తివేసింది కానీ, ఆవిరి పట్టి తనిఖీ చేసిన సరుకుకే ఆ అనుమతి. తనిఖీ ధ్రువపత్రం లేని తాజా పండ్లను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకుకూ అదే నియమం. జలుబు మాత్రల అట్ట కూడా చదవండి. సూడోఎఫిడ్రిన్ 10 శాతం మించిన మందులు అక్కడ నిషిద్ధం.

రైల్లో ఫోన్‌లో మాట్లాడకండి. హోటల్లో టిప్పు ఇవ్వకండి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవారికి పెట్టే తీరు. ఇంట్లో గడప లోపల చెప్పులు విప్పడం మీకు అలవాటే. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితోనే గదిలోకి రాకూడదు.

ఆలయాల దగ్గర మనవాళ్ళు తడబడతారు. తిరుమల అలవాటుతో ద్వారం దగ్గరే చెప్పులు విప్పబోతారు. అక్కడ ఆవరణలో చెప్పులతోనే నడుస్తారు, లోపలి నేల మీదికి ఎక్కేటప్పుడే విప్పుతారు. ముందు నీటి తొట్టి దగ్గర గరిటెతో ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకొని నోరు పుక్కిలించాలి. జపాన్ సొంత మతమైన షింతో గుడిలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. బౌద్ధాలయంలో చప్పట్లు ఉండవు, మనలాగే చేతులు జోడిస్తే చాలు.

యోకొహామా నుంచి ఎనోషిమా ద్వీపానికి తప్పకుండా వెళ్ళండి. అక్కడి బెంజాయితెన్ మన సరస్వతే, బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. మెట్లు ఎక్కువే. మోకాళ్ళ నొప్పులుంటే టికెట్టు కొని ఎస్కలేటర్ మీద పైకి వెళ్ళవచ్చు, దిగడం మాత్రం నడిచే.